సిడ్నీ నుంచి టాస్మానియాకు క్యారవాన్‌తో: రాత్రి ఓడ ఎక్కేదాకా ఏం చేయాలి

ఈ ప్రయాణానికి ప్లాన్ వేసేటప్పుడు దాదాపు అందరం ఒకే పొరపాటు చేస్తాం. ఇంటి దగ్గర బయలుదేరే గంట నుంచి ముందుకు లెక్కపెట్టుకుంటూ పోతాం. "శుక్రవారం ఆఫీసు అవ్వగానే కదులుదాం, శనివారానికి మెల్‌బోర్న్, ఆదివారం సాయంత్రం ఓడ" అని. దీన్ని తిరగేయండి. గీలాంగ్‌లో ఓడ ఎన్నింటికి కదులుతుందో ముందు కాగితం మీద రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి రండి. రైలు తప్పిపోతే ఇంకో రైలుంటుంది. డిసెంబర్, జనవరి సెలవుల్లో క్యారవాన్‌కి, అంటే కారు వెనక లాగే చక్రాల ఇంటికి, సరిపడా చోటున్న ఇంకో ఓడ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం.

ఇంకో మాట ముందే చెప్పాలి. "ఓడ మెల్‌బోర్న్ నుంచే కదా?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. కాదు. స్పిరిట్ ఆఫ్ టాస్మానియా ఓడలు 2022 అక్టోబర్‌లో పోర్ట్ మెల్‌బోర్న్‌లోని స్టేషన్ పియర్ వదిలేసి గీలాంగ్‌కి మారాయి. పాత అలవాటుతో జీపీఎస్‌లో స్టేషన్ పియర్ కొట్టారంటే 70 కిలోమీటర్ల పైన అవతల తేలతారు. "స్పిరిట్ ఆఫ్ టాస్మానియా కీ, గీలాంగ్" అని కొట్టండి. అది కొరియో దగ్గర, గీలాంగ్ ఊళ్లోకి వెళ్లకముందే వస్తుంది.

ముందు టేపు పట్టుకోండి

టికెట్ బుక్ చేసేటప్పుడు కారు పొడవు, క్యారవాన్ పొడవు, ఎత్తు అడుగుతారు. డబ్బులు పొడవుని బట్టి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మాది "16 అడుగుల" క్యారవాన్. 16 అడుగులంటే 4.9 మీటర్లు కదా అని అదే వేసేశాను. ఓ రోజు టీ దగ్గర నా పక్క సీటాయన, పదేళ్లుగా క్యారవాన్ లాగుతున్న మనిషి, "డ్రాబార్ కలిపావా?" అన్నాడు. అప్పుడు గాని వెలగలేదు. ఆ 16 అడుగులు డబ్బా కొలత మాత్రమే. ముందు కారుకి తగిలించే ఇనుప కమ్మీ, అదే డ్రాబార్, వెనక సైకిళ్ల స్టాండు కలిపితే మాది 6.6 మీటర్లు! ఫోన్ చేసి మార్పించుకుని తేడా కట్టాను. మారడానికి చోటు మిగిలి ఉంది కాబట్టి సరిపోయింది. అదే రేవులో బయటపడి, ఓడ నిండుగా ఉండుంటే?

కాబట్టి బ్రోషర్ నమ్మకండి, గూగుల్ నమ్మకండి. కారుకి క్యారవాన్ తగిలించి, సైకిళ్లు కూడా ఎక్కించి, ముందు బంపర్ నుంచి వెనక చివరిదాకా టేపు పెట్టండి. ఎత్తు కొలిచేటప్పుడు పైన ఏసీ, యాంటెన్నా కూడా లెక్కలోకి తీసుకోండి. అద్దె క్యారవాన్ అయితే ఓడ ఎక్కించడానికి ఒప్పందంలో అనుమతి ఉందో లేదో చదవండి. కొన్ని కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా ఇన్సూరెన్స్ వేరుగా ఉండొచ్చు.

ధర చూసి గుండె ఆగేలోపు ఇంకొకటి తెలుసుకోండి. ఆస్ట్రేలియాకీ టాస్మానియాకీ మధ్యనున్న బాస్ జలసంధి దాటే వాహనాలకి ఫెడరల్ ప్రభుత్వం 1996 నుంచి రాయితీ ఇస్తోంది. కారు వెనక లాగే క్యారవాన్‌కీ వర్తిస్తుంది. మీకు కనిపించే ధర ఆ రాయితీ పోగా మిగిలినదే. అంటే రాయితీ లేకపోతే ఎంతుండేదో ఊహించుకుని ఊరట పొందండి, అంతకు మించి చేసేదేం లేదు.

క్యాబిన్ విషయంలో నా సలహా ఒక్కటే, తీసుకోండి. రిక్లైనర్ కుర్చీలు చవక. కానీ పిల్లలున్నా, పెద్దవాళ్లున్నా రాత్రంతా కుర్చీలో గడిపి పొద్దున్నే క్యారవాన్ లాగడం మంచిది కాదు. నాలుగు పడకల క్యాబిన్‌లో రెండు కింద, రెండు పైన ఉంటాయి. కిటికీ లేనిది చాలు, రాత్రి సముద్రంలో చూసేదేమీ ఉండదు.

బరువు: ఏటీఎం అంటే డబ్బులిచ్చే మిషను కాదు

క్యారవాన్ తలుపు దగ్గరో, డ్రాబార్ దగ్గరో ఒక రేకు ముక్క ఉంటుంది. దాని మీద "టేర్", "ఏటీఎం" అని రెండు అంకెలుంటాయి. టేర్ అంటే ఖాళీ బరువు. ఏటీఎం అంటే అన్నీ నింపాక దాటకూడని బరువు. రెండింటి మధ్య తేడా మూడు నాలుగు వందల కిలోలుంటే గొప్ప. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే అందులో వంద కిలోలు అప్పుడే పోయాయి. తర్వాత గ్యాస్ సిలిండర్లు, పక్కన పరిచే ఆనింగ్ పందిరి, కుర్చీలు. ఇక మనవాళ్లు ఎక్కించే పది కిలోల సోనా మసూరి, కుక్కర్లు రెండు, మిక్సీ. ఒకాయన వెట్ గ్రైండర్ ఎక్కించడం నా కళ్లతో చూశాను. నీళ్లు టాస్మానియాలో ఓడ దిగే డెవన్‌పోర్ట్‌లో దొరుకుతాయి. ట్యాంకు పావు వంతు ఉంచుకుంటే దారిలో చాలు.

మీ కారు ఎంత లాగగలదో కూడా చూడాలి. టొయోటా క్లూగర్‌కి బ్రేకులున్న ట్రైలర్ అయితే 2,000 కిలోలు. వెనక తొట్టి ఉండే పెద్ద యూట్‌లకి 3,500 దాకా ఉంటుంది. 750 కిలోలు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులుండాలి, ఎలక్ట్రిక్ బ్రేకులైతే వాటిని నడిపే కంట్రోలర్ మీ కారులో బిగించాలి. న్యూ సౌత్ వేల్స్‌లో ఎర్ర పీ ప్లేటు మీద ఉన్నవాళ్లు, అంటే కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు, ఖాళీ బరువు 250 కిలోలకు మించిన ట్రైలర్ లాగకూడదు. "తమ్ముడు కాసేపు నడుపుతాడు" అనుకునేముందు తమ్ముడి ప్లేటు రంగు చూడండి.

సర్దడంలో అసలు కిటుకు టో బాల్ మీద, అంటే క్యారవాన్ తగిలించే కారు వెనకున్న గుండు మీద, పడే బరువు. నింపిన క్యారవాన్ బరువులో సుమారు పదో వంతు అక్కడ పడాలి. 1,600 కిలోలుంటే 160 అన్నమాట. బరువైనవన్నీ చక్రాల పైన, నేల మీద పెట్టండి. వెనక మూలకి తోస్తే ముందు తేలికైపోయి, లారీ పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు క్యారవాన్ కుక్క తోకలా ఊగుతుంది. ఊగడం మొదలైతే కారు బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూడకండి. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, కంట్రోలర్ మీదున్న మీటతో క్యారవాన్ బ్రేకులు మాత్రం మెల్లగా వేయండి. ఈ మీట ఎక్కడుందో చూడకుండానే చేతికి తగిలేలా ఇంటి దగ్గరే నాలుగుసార్లు అలవాటు చేసుకోండి.

కదిలేముందు చుట్టూ ఒకసారి నడవండి. టో బాల్ మీద కూర్చునే కప్లింగ్ తాళం పడిందా, గొలుసులు అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి వేశారా, ప్లగ్ పెట్టాక ఇండికేటర్లు వెలుగుతున్నాయా, డ్రాబార్ కింద ఉండే చిన్న జాకీ చక్రం పైకి లేపారా, పైకప్పు కిటికీలు మూశారా. ఈ నడక ఒకరే చేస్తే ఏదో ఒకటి వదిలేస్తారు. మా ఇంట్లో నేను తగిలిస్తాను, మా ఆవిడ చూస్తుంది. ఆమె "ఓకే" అంటేనే ఇంజిన్ స్టార్ట్ చేస్తాను. ఇక కదిలాక క్యారవాన్‌లో ఎవరూ ఉండకూడదు. "పాప పడుకుంది, లేపడమెందుకు" అన్నా సరే, అది నేరం.

వెనక్కి లెక్క: మూడు రోజుల దారి

సిడ్నీ నుంచి గీలాంగ్ 900 కిలోమీటర్ల పైమాటే. కారొక్కటే అయితే పొద్దున బయలుదేరి రాత్రికి దిగిపోవచ్చు. క్యారవాన్‌తో రోజుకి నాలుగైదు గంటల డ్రైవింగ్ చాలు. ఓడ రోజుకి 160 కిలోమీటర్లకు మించి మిగల్చకండి. అలా వెనక్కి వస్తే రెండో రాత్రి సేమోర్ ప్రాంతంలో, మొదటి రాత్రి గండగైలో పడుతుంది. పెట్రోలు మామూలుగా తాగేదానికి ఒకటిన్నర రెట్లు తాగుతుందని లెక్కేసుకోండి.

హ్యూమ్ హైవే మంచి రోడ్డు. హాల్‌బ్రూక్ బైపాస్ 2013లో పూర్తయ్యాక సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా మొత్తం రెండు వైపులా విడి రోడ్లే. ఆ బైపాస్ పుణ్యాన చాలామంది హాల్‌బ్రూక్ ఊళ్లోకి వెళ్లడం మానేశారు, మీరు మాత్రం మానకండి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, గోధుమ పొలాల మధ్య, ఊరి పార్కులో ఒక జలాంతర్గామి పడుకుని ఉంటుంది! హెచ్ఎంఏఎస్ ఓట్వే పైభాగం అది. ఊరి పాత పేరు జర్మన్‌టన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పేరు రుచించక, 1915లో ఒక బ్రిటిష్ జలాంతర్గామి కమాండర్ పేరు పెట్టుకున్నారు. మా అబ్బాయి దాని మీదెక్కి దిగనంటే దిగనన్నాడు. క్యారవాన్ నిలపడానికి పొడవైన చోటు కూడా దొరుకుతుంది.

మీ ముందు ఇంకో పొడవాటి బండి వెళ్తుంటే ఊళ్ల బయట కనీసం 60 మీటర్లు వదలాలి. మీ కారు, క్యారవాన్ కలిపి ఏడున్నర మీటర్లు దాటగానే ఈ నియమం మీకూ వర్తిస్తుంది. యూహెచ్ఎఫ్ రేడియో ఉంటే లారీ డ్రైవర్లు 40వ ఛానల్‌లో, క్యారవాన్ వాళ్లు 18లో మాట్లాడుకుంటారు. వెనక లారీ వస్తుంటే కంగారుపడి వేగం పెంచకండి. మీ వేగంలో మీరు తిన్నగా పొండి, అతనికి దాటడం తెలుసు.

మెల్‌బోర్న్ దగ్గర ఊళ్లోకి దిగొద్దు. హ్యూమ్ చివర ఎం80 రింగ్ రోడ్డు పట్టుకుంటే, టోల్ లేకుండా చుట్టూ తిరిగి గీలాంగ్ వెళ్లే ప్రిన్సెస్ ఫ్రీవేలో కలుస్తారు. మధ్యాహ్నం మూడు దాటితే రింగ్ రోడ్డు కదలదు. అందుకే సేమోర్‌లో పది గంటలకల్లా చక్రాలు కదలాలని నేను పట్టుబట్టేది.

వంటగది ఖాళీ చేసే కార్యక్రమం

మన ఇళ్లకి సంబంధించినంత వరకు మొత్తం ప్రయాణంలో ముఖ్యమైన భాగం ఇదే. టాస్మానియాలోకి తాజా పండ్లు, కూరగాయలు, మొక్కలు, విత్తనాలు తీసుకెళ్లడానికి లేదు. ఏదో మాటవరసకి పెట్టిన రూలు కాదిది. ఆ ద్వీపంలో పండు ఈగ లేదు కాబట్టే అక్కడి యాపిల్స్, చెర్రీలు విదేశాలకి సాఫీగా వెళ్తాయి. 2018లో ఫ్లిండర్స్ ద్వీపంలో, తర్వాత డెవన్‌పోర్ట్ పక్కనే ఉన్న స్ప్రేటన్‌లో ఆ ఈగ కనిపించేసరికి ఆ చుట్టుపక్కల రైతులు పండ్లు బయటికి పంపలేక నానా పాట్లూ పడ్డారు. ఒక్క జామకాయలో పురుగు చాలు.

కాబట్టి కూరలు నింపుకుని వెళ్లడమంటే పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టే. మొదటి రోజుకి ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం. రెండో రోజు రాత్రి సేమోర్‌లో ఫ్రిజ్ తెరిచి, వంకాయ, మునక్కాడ, క్యారెట్ ఏది మిగిలితే అది ఒకే గిన్నెలో పడేసి సాంబారు. అన్ని కూరలు కలిసిన ఆ సాంబారు ఎంత బాగుంటుందో చెప్పలేను. మూడో రోజు మధ్యాహ్నానికి ఉల్లిపాయ, వెల్లుల్లి, అల్లం, నిమ్మకాయ, పచ్చిమిర్చి అన్నీ అయిపోవాలి. బంగాళదుంప కూడా. వండిన పదార్థాలు, బియ్యం, పప్పులు, ఆవకాయ సీసాలు, కారప్పొళ్లతో మాకు ఇబ్బంది రాలేదు. మెంతులు, ధనియాలు లాంటి గింజలు మాత్రం పొడి చేసినవే పెట్టుకుంటే గొడవుండదు. ఏది అనుమానంగా ఉన్నా దాచకుండా చూపించి అడగండి. చూపించినందుకు ఎవరూ ఏమీ అనరు, దాచి దొరికితే జరిమానా.

కరివేపాకు సంగతి వేరే చెప్పాలి. అది నిమ్మ, నారింజ కుటుంబం చెట్టు. ఆకే కదా అంటే వదలరు. మా అత్తయ్యగారు సిడ్నీలోని టూంగాబీలో పెరట్లో కుండీలో పెంచిన చెట్టు నుంచి ఒక కట్ట కోసి, తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి, ఫ్రిజ్ తలుపులో పాల సీసా వెనక పెట్టారు. మాకు తెలియదు. గీలాంగ్ రేవులో తనిఖీ చేసే అమ్మాయి ఫ్రిజ్ తెరిచి, పాల సీసా జరిపి, ఆ పొట్లం విప్పింది. వాసన గుప్పుమంది. "సారీ" అంటూ డబ్బా చూపించింది. అత్తయ్యగారు ఆ కట్టని చేతిలోకి తీసుకుని, నాలుగు రెబ్బలు దూసి నోట్లో వేసుకుని నమిలారు. మిగతాది డబ్బాలో వేసి, "తిన్నది లెక్కలోకి రాదుగా" అని నా వైపు చూశారు. ఆ అమ్మాయికి తెలుగు రాదు గానీ నవ్వింది.

బూట్లు, టెంటు మేకులు, చేపల గాలాలు ఉంటే మట్టి లేకుండా కడిగి ఆరబెట్టి తెండి. కుక్క ఉంటే హైడటిడ్ బద్దెపురుగు మందు ఓడ ఎక్కే ముందు 14 రోజుల లోపల వేయించి, కాగితం దగ్గర ఉంచుకోండి.

రేవులో

చెక్-ఇన్ మూసే టైము టికెట్ మీద ఉంటుంది. దానికి రెండు గంటల ముందే లైన్లో ఉండండి. క్యారవాన్‌లోకి ఎక్కి చూస్తారు, అరలు తీయిస్తారు. తాళాలు చేతిలో పెట్టుకోండి.

గ్యాస్ సిలిండర్ల వాల్వులు మూసేయాలి. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఆపేయాలి. అదనంగా డబ్బాల్లో పెట్రోలు నింపుకుని రాకండి. ఫ్రిజ్ రాత్రంతా ఆగే ఉంటుంది కాబట్టి ముందు రోజు రెండు నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెరుగు పక్కన పెడితే పొద్దుటికి చల్లగానే ఉంటుంది.

ఒకసారి బళ్ల అంతస్తు తలుపులు మూశాక ప్రయాణం అయ్యేదాకా కిందికి రానివ్వరు. అందుకే రాత్రికి కావాల్సినవి ఒక చిన్న బ్యాగులో వేరుగా సర్దండి. మందులు, పిల్లల స్వెటర్లు, ఛార్జర్, బ్రష్షులు, మంచినీళ్లు. పైకి వెళ్లాక "బీపీ మాత్ర కారులో ఉండిపోయింది" అంటే చేసేదేం లేదు.

ఓడలోకి ఎక్కించేటప్పుడు పసుపు జాకెట్ వేసుకున్న సిబ్బంది చేతి సైగలు తప్ప ఇంకేమీ చూడకండి. లోపల చెవులు చిల్లులు పడే మోత, ఇనుప నేల, పక్క బండికి జానెడు దూరం. మా ఆవిడ కారులోంచి "ఎడమ, ఎడమ" అంటుంటే నేను బయట సైగలూ లోపల మాటలూ కలిపి తికమక పడ్డాను. అప్పటి నుంచి మా కారులో రూలు, ఓడలో ఉన్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. బండి నిలిపాక గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, కారు అలారం ఆపేయండి. లేకపోతే ఓడ ఊగినప్పుడల్లా అది కూస్తుంది. మెట్ల దగ్గర అంతస్తు అంకె, రంగు ఉంటాయి. ఫోటో తీసుకోండి. పొద్దున నిద్రమొహంతో మీ బండి ఏ అంతస్తులో ఉందో గుర్తు రాదు.

సముద్రం మీద

ఓడ సాయంత్రం ఏడుకు అటూ ఇటూగా కదులుతుంది. మొదట చాలాసేపు కొరియో బే, పోర్ట్ ఫిలిప్ బే లోపలే. అక్కడ నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. ఆ తర్వాత పాయింట్ లాన్స్‌డేల్‌కీ పాయింట్ నేపియన్‌కీ మధ్య ఇరుకు దారి దాటగానే బాస్ జలసంధి. అది లోతు తక్కువ సముద్రం, సగటున 60 మీటర్లు. పడమటి నుంచి వచ్చే గాలి ఆ పలచటి నీళ్ల మీద పడితే అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. కొన్ని రాత్రులు ఏమీ తెలియదు. కొన్ని రాత్రులు ఉయ్యాల.

అందుకని భోజనం ఓడ కదిలిన మొదటి గంటలోనే ముగించండి. తేలికగా తినండి. వాంతి మాత్ర వికారం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు, ఎక్కేముందే వేసుకోవాలి. పిల్లలకి, బీపీ ఉన్న పెద్దవాళ్లకి ఏది సరిపోతుందో బయలుదేరేముందు ఫార్మసీలో అడగండి. డెక్ మీదికి వెళ్లి గీలాంగ్ దీపాలు దూరమవడం చూసి, ఇరుకు దారి వచ్చేలోపు పడకల మీదికి చేరండి. పడుకుని ఉంటే ఊపు సగం తెలియదు.

డెవన్‌పోర్ట్

తెల్లవారుజామున మైకులో పిలుపు వినపడుతుంది. మెర్సీ నది ముఖంలోకి ఓడ వెళ్తుంటుంది. దిగగానే ఇంకోసారి తనిఖీ, ఈసారి వాసన చూసే కుక్కలు కూడా ఉండొచ్చు.

దిగిన ఊపులో క్రేడిల్ మౌంటెన్ వైపు బండి తిప్పకండి. వాలబీలు, పాసమ్‌లు తెల్లవారే వేళ రోడ్ల మీదే ఉంటాయి. దారి పొడవునా చచ్చిపడి ఉన్న వాటిని చూస్తే మీకే అర్థమవుతుంది. రెండు టన్నుల్ని వెనకేసుకుని హఠాత్తుగా బ్రేకు వేసే పరిస్థితి రానివ్వకండి. జూన్, జూలైలో అయితే ఏడున్నర దాటితే గాని సూర్యుడు రాడు. రేవుకి దగ్గరలో క్యారవాన్ ఆపుకుని, గ్యాస్ వాల్వ్ తిప్పి, ఒక టీ పెట్టుకోండి. పూర్తిగా తెల్లవారాక సూపర్‌మార్కెట్‌కి వెళ్లి ఉల్లిపాయలు, టమాటాలు, అల్లం, పచ్చిమిర్చి కొనుక్కోండి. కరివేపాకు కోసం మాత్రం లాన్సెస్టన్‌లో ఇండియన్ స్టోర్ చేరేదాకా ఆగాల్సిందే. మా అత్తయ్యగారు ఆ వంద కిలోమీటర్లూ అదే అడుగుతూ వచ్చారు.